వైద్యం వేరే తొట్టిలోనే

విశాఖ తీరానికీ బస్తర్‌లోని జగదల్‌పూర్‌కూ మధ్య తూర్పు కనుమలు అడ్డం. అలాంటి ఊళ్లో సముద్రపు చేపను పెంచాలంటే మంచినీటిలో లవణాల మిశ్రమం కలిపి సముద్రపు నీటిని తయారుచేసుకోవాలి. ఇంత శ్రమపడి పెంచిన చేప ఒంటిమీద ఓ ఉదయం ఉప్పు చల్లినట్టు తెల్లని చుక్కలు కనిపిస్తే?

ఇది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి పని. మూడు నుంచి ఏడు రోజులు చేప చర్మంలో, మొప్పల్లో బతికి, ఆపై రాలిపోయి ఇసుకకు, రాళ్లకు అంటుకుని కోశం కట్టుకుంటుంది. చుక్కలు పోయాయి కనుక జబ్బు తగ్గిందనుకుంటాం. కోశం లోపల అది విభజన చెంది వందల పిల్లలవుతుంది. అవి ఈదుకుంటూ వచ్చి చేపను మళ్లీ పట్టుకుంటాయి.

మందు పనిచేసేది ఈ ఈదే దశ మీదే. లీటరు నీటిలో 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి ఉండేలా మైలుతుత్తం ద్రావణం కలిపి, కనీసం మూడు వారాలు ఆ మోతాదు నిలపాలి. తగ్గితే పరాన్నజీవి చావదు, పెరిగితే చేపే చస్తుంది. కనుక పరీక్ష కిట్‌తో రోజూ కొలవాలి. రాగి పగడాలకు, రొయ్యలకు ప్రాణాంతకం. పైగా సున్నపు రాళ్లు దాన్ని పీల్చేస్తాయి. అందుకే ఇసుక, రాళ్లు లేని వేరే తొట్టి కావాలి. చేప దాక్కోవడానికి ప్లాస్టిక్ గొట్టం ముక్క చాలు. వల, బకెట్ కూడా వేరుగా ఉండాలి. చుక్కలు కనిపించని చేపలనూ అందులోకే మార్చాలి.

మరి పాత తొట్టి? కొన్ని కోశాలు పది వారాల తర్వాత కూడా పగులుతాయి. కాబట్టి దాన్ని పదకొండు వారాలు చేపలు లేకుండా ఉంచాలి. బయటికొచ్చిన పిల్లలు చేప దొరక్క ఒకటి రెండు రోజుల్లో నశిస్తాయి.

కొత్తగా తెచ్చిన ప్రతి చేపనూ ముందే నాలుగు వారాలు విడిగా ఉంచి గమనిస్తే, ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది.