మరపడవ డీజిలులో నీరు: వడపోత ఎన్నిక

తుపాను హెచ్చరిక విని కాకినాడ రేవుకు మళ్లినపుడు యింజను ఆగినచో పడవలోని వారందరి ప్రాణాలకే ముప్పు. డీజిలులో చేరిన నీరు దీనికొక కారణము. టాంకు సగము ఖాళీగా నున్న, గాలిలోని తేమ రాత్రి చలికి నీరై అడుగున చేరును. యింజెక్టరును తుప్పు పట్టించును.

కావున టాంకుకు, యింజనుకు నడుమ నీటిని వేరుచేయు ఫిల్టరును అమర్చవలెను. కొనునపుడు యింజను వాడు డీజిలును మాత్రమే గాక, టాంకుకు తిరిగివచ్చు డీజిలును కూడ లెక్కించి, అంతకు మించిన సామర్థ్యము గలదానిని ఎన్నుకొనవలెను. ఈ మొదటి వడపోతకు 30 లేక 10 మైక్రాన్లది చాలును. సన్నని మురికిని యింజనుపై నున్న రెండవ ఫిల్టరు ఆపును. అడుగు గిన్నెకు నీరు వదలు ప్లగ్గు ఉండవలెను.

వేటకు బయలుదేరు ముందు ప్లగ్గు త్రిప్పి, నీరు పోయి శుభ్రమైన డీజిలు వచ్చువరకు డబ్బాలోనికి వదలవలెను. ఒడ్డు చేరగానే టాంకు నింపవలెను. కొత్త ఫిల్టరు ఒకటి ఎల్లప్పుడు పడవలో నుంచుకొనుడు.