కృపావరములును, అగస్టీను వ్రాయించిన సాక్ష్యములును

అపొస్తలుడైన పౌలు సుమారు క్రీ.శ. 55వ సంవత్సరమున కొరింథు సంఘమునకు వ్రాసిన లేఖలో, స్వస్థపరచుట, ప్రవచించుట, అద్భుతములు చేయుట, భాషలలో మాటలాడుట మొదలైనవి పరిశుద్ధాత్మ యనుగ్రహించు వరములుగా పేర్కొనబడినవి. తెలుగు క్రైస్తవులు కృపావరములని పిలుచుకొను ఈ శక్తులు అపొస్తలులతోనే అంతరించినవా, లేక సంఘమునందు నేటికిని నిలిచియున్నవా యను వివాదము మిక్కిలి పురాతనమైనది. రెండవ శతాబ్దమున లియోను బిషప్పగు ఐరేనియసు, వీనిని పొందినవారు తన కాలమునను కలరని వ్రాసెను; నాలుగవ శతాబ్దాంతమున ప్రసంగీకుడగు క్రిసోస్తము అదే లేఖను వ్యాఖ్యానించుచు, అట్టివి ఇప్పుడు జరుగకుండుటచేతనే ఈ భాగము మనకు దుర్బోధమైనదని పలికెను. ఈ వివాదమునందు నా మనస్సును మిక్కిలిగ నాకర్షించినది ఉత్తరాఫ్రికాకు చెందిన అగస్టీను చరిత్రము.

సుమారు 390లో, ఇంకను బిషప్పు కాకమునుపు, సత్యమతమును గూర్చి వ్రాసిన గ్రంథములో, మానవుల మనస్సు కంటికి కనబడు వస్తువులకే అలవాటుపడిపోకుండుటకై ఆ యద్భుతములు మన కాలమువరకు కొనసాగనీయబడలేదని ఆయన సిద్ధాంతీకరించెను. విశేషమేమనగా, అంతకు రెండేండ్లకు మునుపే, ఇటలీనుండి తిరిగివచ్చిన 388లో, ఆయన కార్తేజి నగరమున ఇన్నొసెన్షియసను మాజీ న్యాయవాది యింట నుండెను. భగందరముచే పీడితుడై, ఒకసారి శస్త్రచికిత్సను సహించి, ఇంకొక పుండు లోపల మిగిలిపోయినందున రెండవసారి కోయవలసివచ్చునని విని భయవిహ్వలుడైన ఆ గృహస్థుడు రాత్రి నేలపై పడి విలపించుచు ప్రార్థించుటయు, మరునాడు వైద్యులు ఆయుధములతో వచ్చి కట్లు విప్పగా పుండు మానియుండుటయు ఆయన కన్నులారా చూచెను. అట్లు చూచియు, ఆ సంఘటన తన సిద్ధాంతమునకు బాధకమని ఆయనకు అప్పుడు తోచినట్లు లేదు. ఏకాంతమున జరిగి కొలదిమంది యెఱిగిన విషయము లోకవ్యవహారమున లెక్కకు రాదు గదా!

కాలక్రమమున ఈ లోపమే ఆయన దృష్టికి వచ్చెను. 415లో పాలస్తీనాలో కనుగొనబడినవని చెప్పబడిన ప్రథమ హతసాక్షియగు స్తెఫను అస్థిశేషములలో కొంత భాగము సుమారు 424లో, ఆయన బిషప్పుగానున్న హిప్పో నగరమునకు రాగా, అచ్చట స్వస్థత పొందినవారిచేత ఆయన తమ వృత్తాంతములను వ్రాయించి, ఆ పత్రములను సంఘము ఎదుట చదివించుట ఆరంభించెను. రెండేండ్లు నిండకుండగనే దాదాపు 70 పత్రములు చేరినవని తన ‘దైవనగరము’ గ్రంథము 22వ భాగమున ఆయనయే తెలిపినాడు. స్తనమునందలి రాచపుండు మానిన కార్తేజి కులస్త్రీ ఇన్నొసెన్షియా ఆ సంగతిని లోకమునకు తెలుపక యుండినందుకు ఆయన ఆమెను గట్టిగా మందలించి, ఆమె చెలికత్తెలయెదుట ఆద్యంతము చెప్పించెను. కప్పదొకియ దేశపు కైసరియనుండి వచ్చిన పౌలు, పల్లాదియా యను అన్నాచెల్లెండ్రు అవయవకంపముచే బాధపడుచుండగా, ఈస్టరు ఉదయమున అన్న స్వస్థుడయ్యెను. కొన్ని దినములకు అతని పత్రమును చదివించునపుడు, స్థిరముగా నిలిచిన అన్నను, వణకుచున్న చెల్లెలిని ప్రక్కప్రక్కన నిలిపి ప్రజలకు చూపిరి. ఆ వెనుక, ఆయన ఉపదేశము ముగియకమునుపే, చెల్లెలును స్వస్థురాలైనదను కేక ఆలయమున మ్రోగెను.

ఈ వృత్తాంతములను ఎంతవరకు విశ్వసింపవలెనో పాఠకులే నిర్ణయించుకొందురు గాక. నేను గౌరవించునది ఆ పద్ధతిని: రోగి పేరు, ఊరు, వ్యాధి, వైద్యుల అభిప్రాయము, చూచినవారి సాక్ష్యము, వీనినన్నిటిని రోగిని ఎఱిగినవారి సమక్షమునకు తెచ్చుట. వరములు సంఘము యొక్క క్షేమాభివృద్ధికొఱకే యని పౌలు కొరింథీయులకు బోధించెను. పదిమంది పరీక్షింపవీలులేని వరము ఆ ప్రయోజనమునకు ఎట్లు ఉపకరించును?

1906లో లాస్ ఏంజెలిసు నగరమందలి అజూసా వీధిలో విలియం సేమరు నడపిన కూటములనుండి పెంతెకొస్తు ఉద్యమము లోకమంతట వ్యాపించెను. 1918లో ప్రిన్స్‌టన్ పండితుడగు వార్ఫీల్డు, అద్భుతశక్తులు అపొస్తలుల కాలమునకే చెందినవని ఒక గ్రంథమున వాదించెను. ఇట్టి ఉభయపక్షములకును అగస్టీను ఉక్తులు ఆధారములు కాగలవు. అయితే జీవితాంతమున, సుమారు 427లో, తన గ్రంథములనన్నిటిని తానే పునఃపరిశీలించుచు, సత్యమతమును గూర్చిన గ్రంథమందలి తన పూర్వవాక్యమును ఆయన విస్పష్టముగా సవరించియున్నాడు: హస్తనిక్షేపణము పొందిన ప్రతివాడును నేడు భాషలలో మాటలాడుట లేదు, బోధకుల నీడ సోకినంతనే రోగులు స్వస్థులగుట లేదు, ఆ మేరకు తాను వ్రాసినది సత్యమే; కాని క్రీస్తు నామమున అద్భుతములేవియు ఇప్పుడు జరుగవని దానికి అర్థము కాదు, ఏలయన ఆ గ్రంథమును వ్రాయునాటికే మిలానులో ఒక అంధుడు దృష్టిని పొందిన సంగతి తాను ఎఱుగుదును.