ఆరుగురూ పహిల్వాన్లే అయితే ఓడిపోతాం

మన గోడపత్రికలో ఇంతవరకు కవితలు వచ్చాయి, పండగల గురించి వచ్చాయి, పుస్తక పరిచయాలు వచ్చాయి. ఫోన్‌లో ఆడే ఆట మీద వ్యాసం ఏమిటి అని కొందరికి అనిపించవచ్చు. అయినా రాస్తున్నాను, దానికి కారణం ఉంది.

పోయిన సెలవుల్లో మన క్లాసు అమ్మాయిలు నలుగురు ‘పోకెమాన్ షోడౌన్’ ఆడటం మొదలుపెట్టారు. ఇది బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే ఆట. వేలకు వేలు పోసి గేమ్ మెషీన్ కొనక్కర్లేదు, మామూలు ఫోన్ ఉంటే చాలు. వారం తిరిగేసరికి నలుగురిలో ముగ్గురు మానేశారు. “ఇది మగపిల్లల ఆటే, మనకు రాదు” అని ఒకమ్మాయి అనేసింది కూడా. వాళ్ళు ఆడిన ఆటలు కూర్చుని చూశాను. ఆడటంలో పెద్ద తప్పులేమీ లేవు. జట్టు కట్టుకునేటప్పుడే సగం ఆట పోయింది. జట్టు కట్టడం నేర్చుకుంటే వచ్చే విద్య. మగపిల్లలకు పుట్టుకతో వచ్చేదేమీ కాదు.

మా ఇంట్లో అమ్మ తెలుగు మాట్లాడుతుంది, నాన్న తమిళం. ఆట మాటలు మాత్రం రెండు వైపులా ఇంగ్లీషే. ఇక్కడ వీలైనంతవరకు తెలుగులో చెప్తాను, పేర్లు అలాగే ఉంచుతాను.

ఆట ఎలా నడుస్తుంది

ఒక్కొక్కరి దగ్గర ఆరు పోకెమాన్లు ఉంటాయి. మైదానంలో మనది ఒకటి, ఎదుటివాళ్ళది ఒకటి నిలబడతాయి. ప్రతి వంతులోనూ ఇద్దరూ ఒకేసారి, ఒకరికొకరు తెలియకుండా, నిర్ణయం తీసుకోవాలి: కొట్టడమా, లేక నిలబడ్డదాన్ని వెనక్కి పిలిచి ఇంకొకదాన్ని పంపడమా. ఈ రెండోదాన్ని మార్పిడి అందాం. మామూలుగా ముందు మార్పిడి జరుగుతుంది, తర్వాతే దెబ్బలు పడతాయి. అంటే ఎదుటివాళ్ళు మొదటిదాన్ని ఊహించి కొట్టిన దెబ్బ కొత్తగా వచ్చినదాని మీద పడుతుంది. జట్టు కట్టడమంతా ఈ ఒక్క నియమం మీదే నడుస్తుంది. ‘దీనికి పడాల్సిన దెబ్బను ఎవరు వచ్చి కాచుకుంటారు?’ అన్నదే ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న.

దెబ్బ ఎంత తగులుతుందో రకాన్ని బట్టి ఉంటుంది. నిప్పు, నీరు, గడ్డి, కరెంటు, నేల, ఉక్కు, దయ్యం ఇలా మొత్తం 18 రకాలు. నీటి దెబ్బ నిప్పు రకానికి రెండింతలు తగులుతుంది, గడ్డి రకానికి సగమే తగులుతుంది. కరెంటు దెబ్బ నేల రకానికి అసలు తగలదు. ఒక పోకెమాన్‌కు రెండు రకాలు ఉండవచ్చు. రెండింటికీ పడని దెబ్బ అయితే నాలుగింతలు, రెండూ ఓర్చుకునే దెబ్బ అయితే పావు వంతు.

బలమైనవాటినే ఏరుకుంటే?

కొత్తగా ఆడేవాళ్ళు అందరూ ఇదే చేస్తారు. ప్రతి పోకెమాన్‌కు ప్రాణం, దాడి, రక్షణ, వేగం లాంటి ఆరు అంకెలు ఉంటాయి. వాటి మొత్తం చూసి పెద్దవి ఏరుకుంటారు. మన క్లాసు అమ్మాయి ఒకరు డ్రాగనైట్, సాలమెన్స్, గార్చాంప్ మూడూ పెట్టుకున్నారు. మూడింటికీ మొత్తం 600, చాలా పెద్ద అంకె. కానీ మూడూ డ్రాగన్లే. రెండింటికి ఎగిరే రకం తోడైంది, ఒకదానికి నేల రకం తోడైంది. ఫలితంగా మంచు దెబ్బ మూడింటికీ నాలుగింతలు తగులుతుంది. ఎదుటి జట్టులో వీవైల్ అనే మంచు రకం ఉంది. దాని మొత్తం 510 మాత్రమే, కానీ వేగం 125. మన మూడింటిలో వేగమైన గార్చాంప్‌కే 102. వీవైల్ ముందు కొడుతుంది. ఒకటి పడిపోతే రెండోది వస్తుంది, దానికీ అదే బలహీనత. ఇక మార్పిడికి అర్థమే లేదు.

కబడ్డీ చూసేవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. ఏడుగురూ రైడర్లే అయితే అవతలివాడు కూతకు వచ్చినప్పుడు కార్నర్లో కాలు పట్టేదెవరు?

ఒక జట్టు కడదాం

వివరంగా చూపించడానికి 8వ తరం నియమాలు తీసుకుంటున్నాను, అంటే 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటల కాలం. షోడౌన్‌లో పాత తరాల నియమాలతో కూడా ఆడుకోవచ్చు. కింద చెప్పే ఫెర్రోథార్న్ తర్వాతి స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో లేదు, కానీ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మొదటిది ఫెర్రోథార్న్. గడ్డి, ఉక్కు రకాలు. ముళ్ళ గుండులా వేలాడుతుంది. రక్షణ 131. తాకి కొట్టినవాళ్ళకే ముళ్ళు గుచ్చుకుని ప్రాణంలో ఎనిమిదో వంతు పోతుంది. కానీ నిప్పు నాలుగింతలు తగులుతుంది, ఫైటింగ్ రకం రెండింతలు.

కాబట్టి రెండోది నిప్పును కాచేది కావాలి. హీట్రాన్: నిప్పు, ఉక్కు. దానికి ‘ఫ్లాష్ ఫైర్’ అనే గుణం ఉంటే నిప్పు దెబ్బ తగలకపోగా, దాన్ని మింగి తన నిప్పు బలం పెంచుకుంటుంది. ఎదుటివాళ్ళు ఫెర్రోథార్న్‌ను కాల్చుదామనుకున్న క్షణంలో హీట్రాన్ దిగితే వాళ్ళ దెబ్బ మనకు లాభమవుతుంది. అయితే హీట్రాన్‌కు నేల దెబ్బ నాలుగింతలు, నీళ్ళు రెండింతలు, ఫైటింగ్ రెండింతలు.

మూడోది రోటమ్ వాష్. బట్టలుతికే మెషీన్‌లో దూరిన పోకెమాన్. నిజంగానే. కరెంటు, నీరు రకాలు. గాలిలో తేలుతుంది కాబట్టి నేల దెబ్బ తగలదు, నీటి దెబ్బ సగమే. హీట్రాన్‌కు రావాల్సిన రెండు ప్రమాదాలను ఇది కాచుకుంటుంది. దీనికున్న బలహీనత ఒక్కటే, గడ్డి. గడ్డి దెబ్బ వస్తే? ఫెర్రోథార్న్‌కైనా హీట్రాన్‌కైనా అది పావు వంతే.

చూశారా, మూడూ ఒక వలయంలా కూర్చున్నాయి. నిప్పు, నీరు, గడ్డి రకాలను ఇలా కలిపి జట్టుకు పునాది వేయడం పాత పద్ధతే.

కానీ ఒక కన్నం మిగిలింది. ఫైటింగ్ దెబ్బ ఫెర్రోథార్న్‌కూ, హీట్రాన్‌కూ రెండింతలు. రోటమ్ ఓర్చుకోదు, మామూలుగా తింటుంది. నాలుగోది ఇక్కడికి కావాలి. క్లెఫేబుల్, ఫెయిరీ రకం. ఫైటింగ్ దెబ్బ సగమే, డ్రాగన్ దెబ్బ అసలు తగలదు. విషం, ఉక్కు దానికి పడవు. కానీ విషం మన ఉక్కు పోకెమాన్లు రెండింటికీ తగలదు, ఉక్కు దెబ్బ మిగిలిన మూడూ ఓర్చుకుంటాయి. పైగా క్లెఫేబుల్ తన గాయం తానే మాన్పుకోగలదు. ముద్దుగా ఉండే గులాబి బొమ్మ అని నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వనివ్వండి.

ఇప్పుడు రకాలు పక్కన పెట్టి వేగం చూడండి. ఫెర్రోథార్న్ 20, క్లెఫేబుల్ 60, హీట్రాన్ 77, రోటమ్ 86. నాలుగూ నిదానం. ఎదుటి వేగగాడు ఒక్కసారి బలం పెంచుకుంటే ఆపేవాళ్ళు లేరు. కాబట్టి ఐదోది డ్రాగాపల్ట్: డ్రాగన్, దయ్యం. వేగం 142. ఫైటింగ్ దెబ్బ దీనికి అసలు తగలదు. కాచుకోవడం దీని పని కాదు. ఆట చివర్లో అలసిపోయిన ఎదుటివాళ్ళను ఒక్కొక్కరినీ ముందుగా కొట్టి పడేయడమే.

ఆరోది ఊడ్చేవాళ్ళు

ఈ స్థానాన్నే కొత్తవాళ్ళు మర్చిపోతారు. ‘స్టెల్త్ రాక్’ అని ఒక విద్య ఉంది. ఒకసారి వేస్తే ఎదుటి మైదానం మీద రాళ్ళు తేలుతూ ఉంటాయి, దిగిన ప్రతి పోకెమాన్‌కూ గుచ్చుకుంటాయి. మామూలుగా ప్రాణంలో ఎనిమిదో వంతు. రాతి దెబ్బ నాలుగింతలు తగిలే చారిజార్డ్ లాంటిదైతే దిగీ దిగగానే సగం ప్రాణం పోతుంది. మన జట్టు మార్పిడి మీద బతికేది. రాళ్ళు ఉన్నంతసేపూ ప్రతి మార్పిడికీ పన్ను కట్టినట్టే.

అందుకని ఎక్స్‌కాడ్రిల్: నేల, ఉక్కు. ‘రాపిడ్ స్పిన్’ అనే విద్యతో గిర్రున తిరిగి ఆ రాళ్ళను ఊడ్చేస్తుంది. దయ్యం రకం ఎదురుగా ఉంటే మాత్రం ఆ తిప్పుడు తగలదు, ఊడ్చడం కుదరదు. కాబట్టి ఎప్పుడు దింపాలో చూసుకోవాలి. మన వైపు నుంచి రాళ్ళు వేసే పని ఫెర్రోథార్న్ చేస్తుంది.

ఎక్స్‌కాడ్రిల్ వల్ల ఇంకో లాభం ఉంది. దెబ్బల్లో ఫిజికల్, స్పెషల్ అని రెండు జాతులు. హీట్రాన్, రోటమ్ కొట్టేవి స్పెషల్. బ్లిస్సీ అనే పోకెమాన్ ఉంది. దాని ప్రాణం 255, స్పెషల్ రక్షణ 135, మామూలు రక్షణ మాత్రం 10. మన దెబ్బలన్నీ స్పెషల్ అయితే ఆ ఒక్క బ్లిస్సీ ఎదురుగా కూర్చుంటే చాలు, గంటసేపు కొట్టినా కదలదు. ఎక్స్‌కాడ్రిల్ దాడి 135, అదీ ఫిజికల్. అది దిగితే బ్లిస్సీ లేచిపోవాల్సిందే.

ఆరు అయ్యాయి. అన్నీ మూసేశామా అంటే, లేదు. ఉక్కు రకాలు మూడయ్యాయి కాబట్టి ఫైటింగ్ దెబ్బ మూడింటికి పడదు. క్లెఫేబుల్, డ్రాగాపల్ట్ బతికి ఉన్నంతవరకే ధైర్యం. నేల దెబ్బ తగలనిది రోటమ్ ఒక్కటే. దయ్యం దెబ్బను ఓర్చుకునేది ఒక్కటి కూడా లేదు. ఒకప్పుడు ఉక్కు రకం దయ్యాన్ని ఓర్చుకునేది, 2013లో ఎక్స్, వై ఆటలతో ఆ నియమం మారిపోయింది. ఆరు స్థానాల్లో 18 రకాలనూ మూసేయడం కుదరదు. తన కన్నం ఎక్కడుందో తెలిసిన జట్టునే సమతూకమైన జట్టు అంటాను నేను. దయ్యం రకం ఎదురుగా కనిపిస్తే దాన్ని ముందుగా ఎవరితో పడగొట్టాలో మొదటి వంతులోనే ఆలోచించుకోవాలి.

పాయింట్లు కూడా పంచుకోవాలి. ఒక్కో పోకెమాన్‌కు మనం వేసుకునే 510 పాయింట్లు ఉంటాయి, ఒక్క అంకెలో 252 దాటకూడదు. ఫెర్రోథార్న్‌కు వేగంలో వేస్తే దండగ, ప్రాణంలో, రక్షణలో వేయాలి. డ్రాగాపల్ట్‌కు వేగం, దాడి. ఎవరి పని ఏమిటో తేలితే పాయింట్లు ఎక్కడ వేయాలో తెలిసిపోతుంది.

పచిరీసు గెలిచిన సంవత్సరం

ఇదంతా కాగితం మీద లెక్కలేనా అంటే, 2014 ప్రపంచ పోటీ సంగతి చెప్తాను. అమెరికాలోని వాషింగ్టన్‌లో జరిగింది. అధికారిక పోటీల పద్ధతి కొంచెం వేరు: ఆరింటిని తీసుకెళ్ళి, ప్రతి ఆటకు నాలుగింటిని ఎంచుకుని, రెండేసి చొప్పున దింపి ఆడతారు. ఆ ఏడాది పెద్దల విభాగంలో గెలిచింది దక్షిణ కొరియా ఆటగాడు సే జున్ పార్క్. అతని జట్టులో పచిరీసు అనే బుల్లి కరెంటు ఉడత ఉంది. అంకెల మొత్తం 405. దాన్ని పోటీకి తేవాలని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

కానీ అదే జట్టులో గ్యారడోస్ ఉంది. మొత్తం 540, భయంకరమైన నీటి పాము. దానికి కరెంటు దెబ్బ నాలుగింతలు. పచిరీసుకు ‘ఫాలో మీ’ అనే విద్య ఉంది, ఆ వంతులో ఎదుటివాళ్ళ దెబ్బలను తన మీదికి లాక్కుంటుంది. దానికున్న గుణం వల్ల కరెంటు దెబ్బ తగిలితే గాయం కాదు, ప్రాణం పెరుగుతుంది. గ్యారడోస్‌ను చంపాల్సిన దెబ్బ ఉడతకు భోజనం అవుతుంది. ఎంతటివాడినైనా ఒక్క కొరుకుతో మిగిలిన ప్రాణంలో సగం తీసేసే ‘సూపర్ ఫాంగ్’ కూడా దాని దగ్గర ఉంది. 600 మొత్తం ఉన్న పోకెమాన్‌ను ఆ స్థానంలో పెట్టి ఉంటే ఆ పని జరిగేది కాదు.

మానేసిన ముగ్గురికీ, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకూ నాలుగు ప్రశ్నలు రాసిస్తున్నాను. జట్టు కట్టాక ఒక్కసారి వేసుకోండి:

1. దీనికి పడని దెబ్బ వస్తే ఎవరు దిగి కాచుకుంటారు?
2. అందరికంటే ముందు కొట్టగలిగేది ఒకటైనా ఉందా?
3. ఫిజికల్, స్పెషల్ రెండు దెబ్బలూ ఉన్నాయా?
4. రాళ్ళు వేసేదెవరు, ఊడ్చేదెవరు?

పైన కట్టిన జట్టును అలాగే ఎక్కించుకుని పది ఆటలు ఆడండి. తర్వాత ఒకదాన్ని తీసి మీకు నచ్చినదాన్ని పెట్టండి, పికాచు అయినా సరే. ఎక్కడ కొత్త కన్నం తెరుచుకుందో చూసి, మిగిలిన ఐదింటితో దాన్ని ఎలా మూయాలో ఆలోచించండి. మధ్యాహ్నం భోజనాల వేళ నేను డిపార్ట్‌మెంట్ వరండాలోనే ఉంటాను. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రండి.