ఇరవై రూపాయలకు సిమ్ చిరంజీవి కాదు

విదేశాలకు వెళ్లేవాళ్లు ఇక్కడి సిమ్‌కు ఇక రీఛార్జి చేయించనక్కర్లేదట. ఖాతాలో ఇరవై రూపాయలుంటే చాలట. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త రూలట. 2025 జనవరిలో వాట్సాప్ గుంపుల్లో పడ్డ ఈ 'శుభవార్త' ఇంకా అలసిపోలేదు. ఎవరింట్లో పిల్లలు విమానం ఎక్కబోతున్నారో కనిపెట్టి మరీ అక్కడ వాలుతోంది.

పుదుచ్చేరి శివార్లలోని మా కాలాపేటలో దానికి ఇళ్ల కొరత లేదు. ఈస్ట్‌కోస్ట్ రోడ్డు మీద 1985లో పెట్టిన కేంద్రీయ విశ్వవిద్యాలయం పుణ్యమా అని ఇక్కడ తెలుగు మాట ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా ఇదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు. ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు. వాళ్ల పిల్లలేమో డాలస్‌లోనో డబ్లిన్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. ఇంటికి ఇద్దరు పెద్దవాళ్లు, ఒక స్మార్ట్‌ఫోను, దాని పక్కన ఒక బటన్ల ఫోను. కథంతా ఆ బటన్ల ఫోనుదే.

అందులో ఉండేది కొడుకు సిమ్. వెళ్తూ వెళ్తూ "అమ్మా, ఇది నీ దగ్గరుంచు, ఓటీపీలు వస్తాయి" అని అప్పజెప్పిపోతాడు. ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టి రోజూ ఛార్జింగు చేస్తుంది. అక్కడ అర్ధరాత్రి కొడుక్కి బ్యాంకు పని గుర్తొస్తుంది. ఇటు వీడియో కాల్ వస్తుంది, అటు బటన్ల ఫోను కీచుమంటుంది. "నాన్నా, ఆరు... తరవాత తొమ్మిదో ఆరో... ఉండు, కళ్లజోడు తెచ్చుకుంటా" అనేసరికి గడువు తీరిపోతుంది. మళ్లీ మొదలు. ఇలా నడుస్తున్న ఇంట్లోకి ఇరవై రూపాయల శుభవార్త వచ్చింది. నాన్నగారు లెక్కల మనిషి. నెలనెలా రీఛార్జి దండగనుకుని ఇరవై రూపాయల టాపప్ వేయించి ఊరుకున్నారు. కొన్ని నెలలు గడిచాయి. ఫోను కీచుమనడం మానేసింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఇంటివాళ్ల వాట్సాప్ గుంపులో, కొడుకు నంబరు నుంచే, ఎవరో హిందీలో "మీరెవరు?" అని అడిగారు. నంబరు చేతులు మారిందని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఆ రూలు సంగతి చూద్దాం. మొదటిది, అది కొత్తది కాదు. 2013 నాటిది. ఎవరో పాత కాగితం దుమ్ము దులిపి కొత్తదని ఊరేగించారు. రెండోది, అది చెప్పేది వేరు. తొంభై రోజుల పాటు ప్రీపెయిడ్ నంబరు అసలు వాడకపోతే, ఖాతాలో ఇరవై రూపాయలో అంతకన్నా ఎక్కువో ఉంటే, కంపెనీ ఇరవై తీసుకుని మరో ముప్పై రోజులు ఆ నంబరును రద్దు చేయకుండా అట్టిపెట్టాలి. ముప్పై అయ్యాక బ్యాలెన్స్ మిగిలుంటే మళ్లీ ఇరవై. అట్టిపెట్టడం మాత్రమే! ఫోన్లు వస్తాయనీ, ఓటీపీ వస్తుందనీ ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. ప్యాక్ గడువు తీరాక కంపెనీ ముందు అవుట్‌గోయింగ్ ఆపుతుంది, కొన్నాళ్లాగి ఇన్‌కమింగ్ కూడా ఆపుతుంది. నంబరు మీ పేరునే ఉంటుంది, నోరూ చెవులూ ఉండవు. ఓటీపీ కోసమే దాచుకున్న సిమ్‌కు ఓటీపీయే రాకపోతే ఇరవై మిగిలి ఏం లాభం?

ఇంకో మెలిక ఉంది. ఈ రోజుల్లో మనం వేయించేది ప్యాక్. రెండు వందలదైనా మూడు వేలదైనా, అందులో బ్యాలెన్స్ పైసా ఉండదు. ఏడాది ప్యాక్ వేయించి 'ఖాతాలో డబ్బులున్నాయి' అనుకునేవాళ్ల ఖాతా తెరిచి చూస్తే సున్నా కనిపిస్తుంది. బ్యాలెన్స్ కావాలంటే టాపప్ విడిగా వేయించాలి. పోనీ ఇరవై రూపాయల టాపప్ వేయిస్తే? పన్నూ రుసుమూ పోగా ఖాతాలో పడేది దాదాపు పదిహేను. అంటే 'ఇరవై ఉంటే చాలు' అన్న మాట నమ్మి ఇరవై వేయించినవాళ్ల దగ్గర ఇరవై ఉండదు. ఆ సందేశం రాసినవాడు ఒక్కసారైనా టాపప్ వేయించుకున్నాడా అని నా అనుమానం.

మూడోది, చాలామందికి తెలియనిది. 'మాకు రోజూ మెసేజీలు వస్తున్నాయి, కాబట్టి సిమ్ వాడకంలో ఉన్నట్టే' అనుకుంటారు. ట్రాయ్ లెక్కలో వాడకమంటే ఫోను చేయడం లేదా ఎత్తడం, ఇక్కణ్నుంచి ఎస్సెమ్మెస్ పంపడం, డేటా వాడటం, అదనపు సేవలు తీసుకోవడం. వచ్చిన ఎస్సెమ్మెస్ అందులో లేదు. దేవుడి గూట్లో కూర్చుని ఓటీపీలు అందుకుంటున్న సిమ్ వాళ్ల దృష్టిలో నిద్రలో ఉన్నట్టే. వారానికోసారి దాన్నుంచి పొరుగింటికి ఒక ఫోను కొడితే పోయేదేమీ లేదు.

నంబరు రద్దయ్యాక కనీసం తొంభై రోజులు ఎవరికీ ఇవ్వరు. ఆ తర్వాత ఇస్తారు, ఇచ్చి తీరతారు. 2023లో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాడని నంబర్లు తిరిగి కేటాయించడం ఆగలేదు, పాత నంబరు మీద ఉన్న డేటా సంగతి వాడుకరే చూసుకోవాలన్నదే తేలింది. 'నంబరు పోయినా నా వాట్సాప్ నడుస్తోందిగా' అని అక్కడి పిల్లలు ధీమాగా ఉంటారు. నడుస్తుంది, కొత్త యజమాని అదే నంబరుతో వాట్సాప్ తెరిచేదాకా. టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోకపోతే మీరు బయటికి, ఆయన లోపలికి. పెద్దమ్మ పంపే శ్రావణ శుక్రవారం ఫొటోలు కూడా ఆయనకే. యూపీఐ విషయంలో దాన్ని నడిపే సంస్థ కాస్త మేలుకుంది. రద్దయిన, చేతులు మారిన నంబర్ల జాబితాను బ్యాంకులూ యాప్‌లూ వారానికోసారి సరిచూసుకోవాలన్న నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి ఉంది. దాని వల్ల మీ డబ్బు పరాయివాడి చేతికి పోకపోవచ్చు గానీ, మీ చేతికీ రాదు.

ఇంతకన్నా పెద్ద నష్టం నా లెక్కలో వేరే ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఒకపక్క బ్యాంకు మొత్తుకుంటుంది. మరోపక్క ఫోన్లో అడగగానే అంకెలు చదవడం అమ్మకు మనమే అలవాటు చేస్తున్నాం. రేపు కొడుకు గొంతుతోనే ఇంకెవడో అడుగుతాడు. గొంతును నకలు చేయడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. సిమ్ అమ్మ దగ్గర వదిలి వెళ్లడమన్న ఆలోచనే తప్పు. సిమ్ ఎవరిదో వాళ్ల జేబులోనే ఉండాలి.

'అక్కడ మన సిమ్ పనిచేయదు కదా' అంటారు. పనిచేస్తుంది. ఇంటర్నేషనల్ రోమింగ్ తెరిపించుకుని, డేటా రోమింగ్ మూసి ఉంచితే ఎస్సెమ్మెస్‌లు వస్తాయి. మామూలుగా వాటికి డబ్బు పడదు. ఆ నంబరుకు వచ్చిన ఫోను ఎత్తితేనే బాదుడు. అది మోగనివ్వండి, తర్వాత వాట్సాప్‌లో మాట్లాడుకోండి. రోమింగ్ ఏ దేశంలో ఏ షరతు మీద ఉంటుందో కంపెనీని ముందే అడగాలి, విమానాశ్రయం క్యూలో కాదు. అమెరికా వెళ్లేవాళ్లకు ఇంకో మాట. అక్కడ అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన 14వ రకం నుంచి సిమ్ పెట్టే అరే లేదు. అక్కడికెళ్లి కొత్త ఫోను కొని, చేతిలో ఇక్కడి ప్లాస్టిక్ సిమ్ పట్టుకుని దిక్కులు చూసిన పిల్లలు తక్కువేమీ కాదు. దాన్ని ఇక్కడుండగానే ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి. సిమ్ మారిన తర్వాత మోసాల భయంతో 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు కాబట్టి ఆ పని ప్రయాణం రోజు పెట్టుకోవద్దు, వారం ముందే కానివ్వండి.

రీఛార్జికి వేలు పోయాలా అంటే, అక్కర్లేదు. డేటా అక్కర్లేనివాళ్ల కోసం మాటలూ ఎస్సెమ్మెస్‌లూ మాత్రమే ఉండే ప్యాక్‌లు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పింది, గడువు 365 రోజుల దాకా ఇవ్వచ్చని కూడా చెప్పింది. ప్రచారం మాత్రం వీటికి రాలేదు. దుకాణంలో అడిగితే ముందు రోజుకు రెండు జీబీ ఉన్నదే చూపిస్తారు. ఓపిగ్గా రెండోసారి అడగండి.

సిమ్ ఫోన్లో లేకపోతే వాట్సాప్ ఆగిపోతుందన్న ఇంకో పుకారును చాలామంది కొట్టిపారేస్తున్నారు. ఇది పూర్తిగా పుకారు కాదు. మన నంబరుతో నడిచే మెసేజింగ్ యాప్‌లు ఆ సిమ్ ఉన్న ఫోన్లోనే పనిచేసేలా చూడాలని టెలికాం శాఖ 2025 నవంబరు 28న ఆదేశించింది. సిమ్ ఫోన్లో ఉండి రోమింగ్‌లో ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదని కూడా కేంద్రం వివరించింది. అమలు ఎప్పుడు ఎలా సాగినా, అమ్మ దగ్గర సిమ్ వదిలి వెళ్లేవాళ్లే ముందు ఇరుక్కుంటారు.

ఇక ఒక్క అపోహకు మాత్రం కాస్త తల వంచక తప్పదు. ప్లస్ గుర్తుతో వచ్చే విదేశీ ఫోను ఎత్తితే డబ్బులు పోతాయన్న భయం అది. ఎత్తితే పోవు. ఇక్కడ కూర్చుని ఫోను ఎత్తడానికి మనకు పైసా ఖర్చు లేదు. కానీ ఒక్కసారి మోగి ఆగిపోయిన తెలియని విదేశీ నంబరుకు తిరిగి చేస్తే మాత్రం నిమిషానికి గూబ గుయ్యిమంటుంది, ఆ మోసం నిజమే. విదేశాల నుంచి వస్తూ మన దేశపు నంబరుగా కనిపించే దొంగ ఫోన్లను అడ్డుకునే వ్యవస్థను 2024 అక్టోబరులో మొదలుపెడితే, తొలి 24 గంటల్లోనే దాదాపు 1.35 కోట్ల కాల్స్ ఆపింది. కాబట్టి పెద్దవాళ్ల భయానికి కారణం లేకపోలేదు. కానీ ఆ భయంతో కొడుకు కొత్త నంబరునూ ఎత్తకపోవడమే చిక్కు. అక్కడ నంబరు తీసుకోగానే మొదటి పనిగా అది ఇంటివాళ్ల ఫోన్లలో పేరుతో సహా ఎక్కాలి. కాలాపేటలో ఉన్నవాళ్లకు పక్కింటి విద్యార్థి చేసిపెడతాడు, ఒక కాఫీ ఇవ్వండి చాలు.

మిగతావి ఒక్కో ముక్కలో తేల్చేయొచ్చు. వాట్సాప్‌లో మూడో టిక్కు పడితే ప్రభుత్వం చదివినట్టన్నది అబద్ధం, మూడో టిక్కే లేదు. దుబాయ్‌లో అందరూ వీపీఎన్ పెట్టుకునే మాట్లాడుతున్నారు, ఏం కాదన్నది ప్రమాదం. వాట్సాప్ కాల్స్ అక్కడ ఆపేసి ఉంచారు, వీపీఎన్‌తో నేరం చేస్తే, చేసింది దాస్తే, 5 లక్షల దిర్హాముల నుంచి జరిమానా చట్టంలో ఉంది. అనుమతి ఉన్న బాటిమ్ లాంటి యాప్‌లతో మాట్లాడుకోండి.  అమెరికా పిల్లల బ్యాంకు ఖాతా ఇక్కడ మామూలు సేవింగ్స్‌గా ఎప్పటికీ ఉంచుకోవచ్చన్నదీ తప్పే. ఎన్నారై అయ్యాక దాన్ని ఎన్నారో ఖాతాగా మార్పించాలి. ఆ పని మీద బ్యాంకుకు వెళ్లినప్పుడే విదేశీ నంబరు, ఈమెయిలు నమోదు చేయించుకుంటే సగం ఓటీపీల గొడవ తీరుతుంది.

చివరగా, మీవాణ్ని అక్కడ అరెస్టు చేశాం, వీడియో కాల్‌లోనే ఉండండి, డబ్బు పంపండి అనే ఫోన్లు. కాలాపేటలో నిజమైన సెంట్రల్ జైలే ఉంది. దానికి గోడలుంటాయి, గేటుంటుంది, ములాఖత్ చీటీ ఉంటుంది. వీడియో కాల్‌లో పెట్టి బంధించే జైలు ఏ దేశంలోనూ లేదు. పరాయి దేశంలో మనవాణ్ని పట్టుకుంటే, తన దేశపు రాయబార కార్యాలయానికి కబురు పంపమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం అతనికిచ్చింది. ఏ దేశం పోలీసులూ అమ్మకు వాట్సాప్ చేసి యూపీఐ అడగరు. ఫోను పెట్టేసి పిల్లాడికి చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

ఈ ఆదివారం పిల్లలతో మాట్లాడినప్పుడు ప్యాక్ ఏ తేదీకి ముగుస్తుందో అడిగి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. సిమ్ ఇప్పటికే రద్దయి ఉంటే ఏడుస్తూ కూర్చోకుండా కంపెనీ దుకాణానికి పరుగెత్తండి. రద్దయిన 15 రోజుల్లోపు అడిగినవాళ్లకు అదే నంబరు తిరిగి తెరిచే వీలు కల్పించాలన్న మాట కూడా ఆ 2013 నాటి నిబంధనల్లోనే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయడం లేదు.