స్తంభించిన చేతిఫోను



2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరమును కుదిపిన దినములలో, ఇందుకూరుపేటలో నా స్మార్టుఫోను హఠాత్తుగా స్తంభించినది. తెరపై వ్రేలు రాచినను చలనము లేదు. మైపాడులోని మా అక్కగారి క్షేమ మరయుటకు వేఱు సాధనము లేదు. నాడు నేర్చిన సంగతిని మీకు మనవి చేయుచున్నాను.

ఫోనులో రెండు తావులు గలవు. పని జరుగు తావు కళ్లము వంటిది. చిత్రములను దాచు తావు గాదె వంటిది. పెక్కు పనులొక్కసారి పైబడి కళ్లము క్రిక్కిరిసినను, గాదె నిండినను, ఫోను మిక్కిలి వేడెక్కినను మందగించి నిలిచిపోవును.

మొదట 2 నిమిషములు ఓర్వవలెను. అప్పటికిని కదలనిచో, పెక్కు ఆండ్రాయిడు ఫోనులలో పవరు బొత్తామును, ధ్వని తగ్గించు బొత్తామును కలిపి 10 నుండి 20 సెకండ్లు నొక్కి పట్టవలెను. ఫోను ఆఱి మరల వెలుగును. ఇందువలన దాచిన చిత్రములు గాని, నంబర్లు గాని పోవు. ‘ఫ్యాక్టరీ రీసెట్’ అనునది మాత్రము గాదెనంతయు ఊడ్చివేయును. తొందరపడి దాని జోలికి పోరాదు.

నా ఫోను ఈ విధముననే మేలుకొన్నది. అక్కగారి మాట వినబడినది. కావున తుపాను కాలమునకు ముందే అక్కఱలేని వీడియోలను తొలగింపుడు. ముఖ్యమైన నంబర్లను కాగితముపై వ్రాసి యుంచుకొనుడు.