పులికాట్ పక్కనే జలపాతాల దారి

సూళ్లూరుపేట అనగానే శ్రీహరికోట రాకెట్లు, పులికాట్ సరస్సు, చలికాలంలో అక్కడ వాలే ఫ్లెమింగోలు గుర్తొస్తాయి. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఈ సరస్సుకు పడమట, కొండల్లో తియ్యటి నీళ్ల లోకం మరొకటి ఉంది.

అదే ఉబ్బలమడుగు. చెన్నై కుర్రకారు తడ జలపాతం అంటారు. తడ నుంచి శ్రీకాళహస్తి రోడ్డులో వరదయ్యపాళెం వైపు వెళ్తే కాంబాకం కొండలు కనిపిస్తాయి. అటవీశాఖ చెక్‌పోస్టు దాటాక అసలు నడక మొదలవుతుంది.

బాట చాలాచోట్ల వాగు వెంటే సాగుతుంది. బండ మీంచి బండకు అడుగేస్తూ, మోకాలిలోతు నీళ్లు దాటుతూ ఎక్కాలి. నీడపట్టున మడుగుల్లో అడుగునున్న గులకరాళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. దారిలోని సిద్ధేశ్వరస్వామి గుడికి మహాశివరాత్రినాడు భక్తులు పోటెత్తుతారు.

ఈ ప్రాంతానికి ప్రధాన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అడవి నేల, రాతి పగుళ్లు ఆ నీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. అందుకే వానలు తగ్గాక కూడా వాగు పారుతూ ఉంటుంది.

అందం ఎంతో, ప్రమాదమూ అంతే. పైన కొండల్లో వాన పడితే, కింద ఎండ కాస్తున్నా వాగు ఒక్కసారిగా పొంగుతుంది. పాచి పట్టిన బండలు జారతాయి, మడుగుల లోతు పైకి తెలియదు. ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. వెళ్లేముందు అటవీ సిబ్బందిని అడగాలి, గుంపుగా నడవాలి, చీకటి పడకముందే దిగిపోవాలి. తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ను తిరిగి తెచ్చేయాలి.

పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవారికి నారాయణవనం దగ్గరి కైలాసకోన జలపాతం అనువుగా ఉంటుంది. అక్కడ అంత నడక ఉండదు.