కానుక ఏ చేతికి చేరింది?

మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు. కుతుబ్‌షాహీ వంశపు హయత్ బక్షీ బేగంను జనం ‘మా సాహెబా’ అని గౌరవంగా పిలిచేవారు. ఆమె పేరు మీద ఉన్న చెరువు పోయి చాచా నెహ్రూ పార్కు వచ్చింది, పేరు మాత్రం నోళ్లలో నలిగి ఇలా మిగిలింది. ఇక్కడ ఆఫీసులకు కొదువ లేదు. ఏ.సి. గార్డ్స్ వైపు ఆదాయపు పన్ను టవర్స్ ఉన్నాయి గనుక జిల్లాలలో చిన్న సొసైటీలు నడుపుకునే పాస్టరుగార్లు రశీదు పుస్తకాల సంచితో ఈ చౌరస్తాలో బస్సు దిగడం మామూలే. అటువంటివారు మమ్మును అడిగే మాట ఒక్కటే. మేము బోర్లు వేయించాము, హాస్టలు పిల్లలకు అన్నం పెట్టాము, మధ్యలో ఈ తీవ్రవాదుల ప్రస్తావన ఎందుకు వచ్చిందండీ అని.

అడగవలసిన ప్రశ్నే. తుపాకి పట్టినవారికి కానుక పంపుదామని ఏ సంఘమూ అనుకోదు. అయినా డబ్బు చేతులు మారే కొద్దీ దారి తప్పగలదు. మన తెలుగు నేల మీదే చూడండి. 1980లో పీపుల్స్ వార్ పుట్టింది, 2004లో అది మరొక వర్గంతో కలిసి మావోయిస్టు పార్టీ అయింది. ఆ దళాలకు విదేశీ మిషనుల డబ్బు ఆధారం కాదు. బీడీ ఆకు కాంట్రాక్టర్లు, రోడ్డు పనులవారు ముట్టజెప్పినదే వారికి పెద్ద ఆదాయం. ఏజెన్సీ గ్రామాలలో పెద్దవారికి ఈ సంగతి కొత్త కాదు. ఇప్పుడు ఒక హాస్టలు కట్టించే పని ఉన్నదనుకోండి. కాంట్రాక్టరు అన్నలకు ‘పార్టీ ఫండు’ ఇచ్చి, ఆ మొత్తాన్ని సిమెంటు లెక్కలో కలిపివేస్తే జర్మనీలో కానుక ఇచ్చిన ముసలమ్మకు ఏమి తెలుస్తుంది? పాస్టరుగారికైనా తెలియదు. బస్తాలు లెక్కపెట్టి చూసినవారికే తెలుస్తుంది. లేని పిల్లల పేర్లు రిజిష్టరులో ఎక్కించడం, ఒక సొసైటీ సొమ్ము మరొక సొసైటీకి, అక్కడినుండి ఇంకొకరికి పోవడం కూడా ఇటువంటి సందులే.

ఈ సందులు మూయడానికి ప్రభుత్వం చేసిన చట్టాన్ని మన సంఘాలవారు ‘ఎఫ్.సి.’ అని పిలుచుకుంటారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మొదట 1976లో, ఎమర్జెన్సీ రోజులలో వచ్చింది. అప్పటి భయం రాజకీయాలలోకి పరాయి దేశాల డబ్బు వస్తుందని. 1984లో రిజిస్ట్రేషను తప్పనిసరి అయింది. 2001 సెప్టెంబరులో అమెరికా మీద దాడులు జరిగిన తరువాత ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ అనే అంతర్జాతీయ సంస్థ, ధర్మసంస్థల ఖాతాలు ఉగ్రవాదులకు అనువుగా ఉంటాయని దేశాలన్నిటినీ హెచ్చరించింది. మన దేశం 2010లో ఆ సంస్థలో సభ్యురాలైంది. అదే ఏడు పాత చట్టం స్థానంలో కొత్తది చేసుకున్నాము. 2020లో దానిని మరింత బిగించారు.

ఆ బిగింపే మన పల్లె సంఘాలను తాకింది. అంతకుముందు హైదరాబాదులోని పెద్ద సంస్థ విరాళం అందుకుని, రిజిస్ట్రేషను ఉన్న చిన్న సొసైటీలకు పంచేది. ఇప్పుడు అందుకున్నవారే ఖర్చు పెట్టాలి, మరొక సంస్థకు ఇవ్వకూడదు. డబ్బు మొదట ఢిల్లీలో పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు శాఖకే రావాలి. ఆఫీసు ఖర్చులు నూటికి ఇరవై మించరాదు. దీనిమీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల సేవ చేసే కేర్ అండ్ షేర్ ట్రస్టువారు కూడా ఉన్నారు. విదేశీ విరాళం పుచ్చుకోవడం ఎవరికీ సంపూర్ణమైన హక్కు కాదని 2022 ఏప్రిల్ 8న కోర్టు తీర్పు చెప్పింది. ఆధార్ బదులు పాస్‌పోర్టు చూపవచ్చునన్న సడలింపు మాత్రం దొరికింది.

చేతులు మారే గొలుసును తెంపడంలో న్యాయం ఉందని మేము ఒప్పుకుంటాము. కాని ఒక దొంగను పట్టడానికి ఊరి బావులన్నిటికీ తాళం వేయడం ఏమి న్యాయం? కంపాషన్ సంస్థ 2017 మార్చిలో మన దేశంలో పని ఆపివేసింది. దాని సహాయంతో చదువుకుంటున్న లక్షా నలభై వేలకు పైగా పిల్లలలో మన తెలుగు పల్లెల పిల్లలూ ఉన్నారు. దానిమీద వచ్చిన ఆరోపణ మతమార్పిడి గురించి, తుపాకుల గురించి కాదు. ధర్మసంస్థలన్నిటినీ ఒకే గాటన కట్టవద్దని, ప్రమాదమున్న చోటనే గట్టిగా చూడమని ఆ అంతర్జాతీయ సంస్థే 2016లో తన మాట సవరించుకుంది.

అనుమానం ఎంతవరకు పోతుందో గాజాలో చూశాము. వరల్డ్ విజన్ సంస్థకు అక్కడ అధిపతిగా ఉన్న మొహమ్మద్ అల్ హలబీని 2016 జూన్‌లో ఇశ్రాయేలు ప్రభుత్వం నిర్బంధించి, ఐదు కోట్ల డాలర్ల వరకు హమాస్‌కు మళ్లించాడని ఆరోపించింది. పదేళ్లలో గాజాలో తాము ఖర్చు పెట్టినదే రెండుకోట్ల పాతిక లక్షల డాలర్లని సంస్థ లెక్కలు చూపింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం విచారించినా మళ్లింపు కనబడలేదు. అయినా 2022లో అతనికి పన్నెండేళ్ల శిక్ష పడింది. 2025 ఫిబ్రవరిలో ఖైదీల మార్పిడిలో విడుదలయ్యాడు. లెక్క పుస్తకం అతనిని కోర్టులో కాపాడలేకపోయింది. లోకం ఎదుట సంస్థ మాట నిలబడినది మాత్రం ఆ పుస్తకం వల్లనే.

అపొస్తలుడైన పౌలు యెరూషలేములోని బీదల కొరకు చందా పోగుచేసినప్పుడు ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుని తీతుతో కూడ పంపించాడు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో కారణం కూడా చెప్పాడు. ఇంత పెద్ద సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదనే. మన ఊళ్లలో ‘పాస్టరుగారిని లెక్క అడుగుతామా’ అని మొహమాటపడతాము. అడగడం అవమానం కాదు, ఆయనకే రక్ష.

మన కుటుంబాలకు సంబంధించిన సంగతి ఒకటుంది. దుబాయిలో పనిచేసే మీ అబ్బాయికి భారత పాస్‌పోర్టే ఉంటుంది గనుక తన జీతంలోనుండి బ్యాంకు ద్వారా ఊరి మందిరానికి పంపినది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనల్లుడు పంపితే మాత్రం, పేరు ఎంత తెలుగు పేరైనా, అది విదేశీ విరాళమే. సభలకు వచ్చిన విదేశీ దైవజనుడు జేబులోనుండి తీసి ఇచ్చిన రూపాయలు కూడా అంతే. రిజిస్ట్రేషను గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం వీటిని తాకరాదు. కమీషను తక్కువని హవాలా మనిషి చేత పంపించుకోవడం ఇంకా ప్రమాదం. ఆయుధాల సొమ్ము నడిచేది కూడా ఆ దారినే.

రిజిస్ట్రేషను ఉన్న సొసైటీలు ప్రతి సంవత్సరపు లెక్కను ఎఫ్.సి.-4 ఫారంలో డిసెంబరు 31 లోపల పంపాలి. ఏడాదంతా ఒక్క రూపాయి రాకపోయినా సున్న వేసి పంపవలసిందే.